చిన్నపడవ మోటారు దగ్గర జోవిత

జోవిత మురయారి తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి పడవ మోటారు పిడి పట్టుకుంది. వాళ్ళ నాన్న చలిజ్వరంతో పడవ అడుగున ముడుచుకుని పడుకుంటే, మా ఊరు బోకా తవారి నుంచి నౌతా రేవు దాకా ఆరుగంటల దారి ఆ పిల్లే నడుపుకొచ్చింది. రేవులో జనం తండ్రిని మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్ల పడవలోనే కూర్చుండిపోయింది. పడవని వదిలేసి వస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆమె భయం.

ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళలో మరాన్యోన్ నది మీద ఆమె మొయ్యనిదంటూ లేదు. అరటిగెలలు, యుక్కా దుంపలు, పందులు, బడి పంతులమ్మలు, శవపేటికలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు. ముగ్గురు పిల్లలు ఆమె పడవలోనే పుట్టారు. అందులో ఒకడు ఆమె సొంత కొడుకు. వాడు పుట్టబోయే క్షణం దాకా ఆమే నడిపింది. ఇక కుదరక పిడి మొగుడి చేతికిస్తే, ఆయన పడవని తీసుకెళ్ళి బురద దిబ్బ మీదికి ఎక్కించాడు. ఆ పిల్లాడి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడింది నేనే. అందుకే జోవితకి నేను వదిననయ్యాను.

ఇంత చేసినా ఆమెని పడవ డ్రైవరని ఎవరూ అనలేదు. మా నది మీద లెక్క అంతే. అరటిగెలలున్న పడవ ఆడది నడుపుతుంది. జీతమున్న పడవ మగాడు నడుపుతాడు. దీన్ని ఎవరూ చట్టంలో రాయలేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

రెండేళ్ళ కిందట రేవు కార్యాలయంలో లైసెన్సు పరీక్షకి వెళ్ళింది. పరీక్ష పెట్టిన అధికారి తాడు ముడుల పేర్లు వరసగా చెప్పమన్నాడు. పేర్లు తనకి రావనీ, తాడిస్తే వేసి చూపిస్తాననీ చెప్పింది. అడిగినవీ అడగనివీ కలిపి ఏడు ముడులు వేసింది. లైసెన్సు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఏడాదిన్నర పాటు పర్యాటక పడవల ఆఫీసులన్నీ తిరిగింది. ప్రతిచోటా పని ఉందన్నారు: గదులు ఊడ్చే పని, తువ్వాళ్ళు ఉతికే పని, మెట్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి పళ్ళరసం ఇచ్చే పని. లైసెన్సు చూపిస్తే మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోటో బాగా వచ్చిందనేవాళ్ళు.

నేను వంట చేసే పడవ పేరు తెల్లకొంగ. ఇరవై నాలుగు మంది ప్రయాణికులు నాలుగు రోజులు అడవి నదుల్లో తిరిగి వస్తారు. పెద్దపడవ వాగుల్లోకి దూరలేదు గనక వెనకాల రెండు చిన్నపడవలు కట్టి ఉంటాయి. జంతువులనీ పక్షులనీ చూడ్డానికి వాటిలోనే వెళ్ళాలి. ఆ జూన్‌లో ఒక చిన్నపడవ నడిపేవాడు చమురు కంపెనీలో చేరతానని చెప్పాపెట్టకుండా పోయాడు. ప్రయాణం మూడు రోజుల్లో ఉంది. నేను కెప్టెన్ గిల్బెర్ రెంగీఫో చెవిలో జోవిత పేరు వేశాను. ఒకసారి కాదు, పొద్దున కాఫీతో ఒకసారి, మధ్యాహ్నం పులుసుతో ఒకసారి. చివరికి ఆయన సరేనన్నాడు. షరతు మాత్రం ఆమె మొహం మీదే చెప్పాడు.

“మొదటి రోజు చూస్తాను. సాయంత్రం షికారు సవ్యంగా తిరిగొస్తే చిన్నపడవ నీది. లేదంటే మిగతా మూడు రోజులూ తువ్వాళ్ళు ఉతుకు. ఆ తర్వాత నీ అరటిగెలలు నీకున్నాయి.”

“సరే కెప్టెన్ గారూ,” అంది జోవిత. “తువ్వాళ్ళు ఉతికేవాళ్ళని ఇంకొకళ్ళని చూసుకోండి మరి.”

బయల్దేరే రోజు తెల్లారేసరికి ఆమె నౌతా రేవులో ఉంది. కంపెనీ ఇచ్చిన తెల్లచొక్కా మగవాళ్ళ కొలతది, భుజాలు మోచేతుల దాకా జారాయి. చేతులు రెండు మడతలు మడిచి పనిలో దిగింది. చిన్నపడవ కడిగింది, మోటారు మూత తీసి చూసింది, రేవులో రెండు చుట్లు తిప్పింది. ఆమెతో ఆ పడవలో వెళ్ళవలసినవాడు అర్తిదోరో కనాకిరి. ముందు కొసన కూర్చుని నీళ్ళలో మునిగిన దుంగలు కనిపెట్టి చెయ్యెత్తి చూపించడం ఆయన పని. అరవై నాలుగేళ్ళు. జోవిత వాళ్ళమ్మకి తమ్ముడి వరస. ఆయన చెయ్యి ఎటు చూపితే అటు కళ్ళు మూసుకుని తిప్పొచ్చని రేవంతా చెబుతుంది. ఇద్దరూ రెండు చుట్లలోనే కుదురుకున్నారు. గట్టు మీంచి చూస్తే నాకు కడుపు నిండింది.

పదిగంటలప్పుడు జోవిత వంటగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“నెలసరి వచ్చేసింది వదినా. ఐదు రోజులు ముందే.”

మా వైపు అది ఎంత మాటో చెప్పాలి. బుఫేయోలు, అంటే మా నదిలో తిరిగే గులాబీ రంగు డాల్ఫిన్లు, ఉత్త చేపల్లాంటివి కావు. నది అడుగున ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళ మగాళ్ళు వీళ్ళు. ఆ రోజుల్లో ఉన్న ఆడమనిషి పడవెక్కితే వాసన పట్టి వెంటబడతారు. పడవని తిరగేస్తారు, లేదా మనిషి మనసుని ఎత్తుకుపోతారు. అందుకని ఆ రోజుల్లో ఆడవాళ్ళు సరస్సుల వైపు వెళ్ళకూడదు. ఆ సాయంత్రం షికారు సరిగ్గా సరస్సు నదిలో కలిసే మొగలోకే. ప్రయాణికులు అక్కడికి వెళ్ళేదే బుఫేయోలని చూడ్డానికి.

నోరు మూసుకోమన్నాను నేను. లోపల గుడ్డ పెట్టుకుని, పైన ప్యాంటు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిరమ్మన్నాను. నదికి చెప్పనిది కెప్టెనుకి చెప్పాలా అన్నాను.

జోవిత తల అడ్డంగా ఊపింది. కెప్టెనుకి చెప్పక్కర్లేదు గానీ అర్తిదోరో మావయ్యకి చెప్పాలంది. ఆయన తనతో పాటు అదే పడవలో కూర్చుంటాడు. నమ్మే మనిషి. తెలియకుండా ఆయన్ని అలా కూర్చోబెట్టడం తప్పంది. మా కుకామా తెగవాళ్ళలో అదో పద్ధతి. ఒకే పడవలో కూర్చునేవాళ్ళ దగ్గర ఆ సంగతి దాచకూడదు. దాచి ఏదైనా జరిగితే ఆ పాపం దాచినవాళ్ళది. నాకు కోపం వచ్చింది, కానీ కాదనలేకపోయాను. నేనూ ఆ పద్ధతిలోనే పెరిగాను.

అర్తిదోరోని వంటగదికి పిలిచింది. చెప్పింది. ఆయన కూర్చున్న పెట్టె మీంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆయన్ని తెలివితక్కువవాడనుకోకండి. ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళక్క ఆ రోజుల్లో పడవెక్కింది. రెండు బుఫేయోలు ఇంటి రేవు దాకా వెంటవచ్చాయి. ఆ పిల్ల నెల రోజులు తిండి మానేసి నది వైపు చూస్తూ కూర్చుంది. వైద్యుడు పొగాకు ఊది ఊది ఆమె మనసుని వెనక్కి తెచ్చాడు. ఇది ఆయన ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్ళతో చూసింది. కళ్ళతో చూసినదాన్ని మనిషి ఊరికే వదులుకోడు.

అర్తిదోరో ఈ ఒక్క రోజుకీ మోటారు వదిలెయ్యమనీ, రేపో ఎల్లుండో నడపొచ్చనీ అన్నాడు. రేపు లేదని ఆమె చెప్పింది. కెప్టెన్ షరతు ఆయనకీ తెలుసు.

“పోయినేడాది ఇదే నెల్లో నీ అరటిగెలలు ఎనభై తెచ్చాను గుర్తుందా మావయ్యా?” అంది జోవిత. “ఆ రోజు నేను ఇలాగే ఉన్నాను. సరస్సు మొగ మీంచే వచ్చాను. ఏ రోజని నన్ను అడిగావా? గెలలు పండిపోతున్నాయి, తొందరగా రమ్మన్నావు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. జీతం వచ్చే పడవనగానే అందరికీ నది అడుగున ఊళ్ళు గుర్తొస్తాయా?”

అర్తిదోరో తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి వెల్లుల్లి ఎంతుందని అడిగాడు.

వెల్లుల్లి ఘాటు బుఫేయోకి పడదంటారు. ఆ రాత్రి ఆకుల్లో చుట్టి కాల్చాల్సిన చేపకి నేను దాచిన వెల్లుల్లి మొత్తం ఇచ్చేశాను. మామా మేనకోడలూ కూర్చుని రెబ్బలు చితక్కొట్టి, చిన్నపడవ అంచు చుట్టూ, లోపలా బయటా రుద్దారు. ఎండకి ఆ వాసన రేవంతా లేచింది. అరటికాయలు దించే కూలీలు ఏం వండుతున్నారని కేకేసి అడిగారు.

వాసన కెప్టెన్ ముక్కుకీ తగిలింది. వెల్లుల్లి రుద్దిన పడవంటే ఏమిటో మా వైపు పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. దిగివచ్చి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సాయంత్రం చిన్నపడవని ఇంజను గదిలో పనిచేసే తన బావమరిది నడుపుతాడన్నాడు. జోవిత ఏదో అనబోతే, తను ఇలాంటివి నమ్మననీ, తను చదువుకున్నవాడిననీ, కానీ పనివాళ్ళు నమ్ముతారు కదా, వాళ్ళు భయపడితే ఎలాగనీ అన్నాడు. నేను జీవితంలో చాలామంది దగ్గర ఈ మాట విన్నాను. తాము నమ్మరు, పక్కవాడి కోసం పాటిస్తారు. ఆ పక్కవాడు ఎప్పుడూ కనపడడు.

ఈసారి పక్కవాడు అక్కడే ఉన్నాడు. చేతులు నిక్కరుకి తుడుచుకుని లేచాడు.

“నమ్మేది నేను,” అన్నాడు అర్తిదోరో. “ముందు కొసన కూర్చునేదీ నేనే. భయపడాల్సి వస్తే నేను భయపడతాను. నా భయం నువ్వెందుకయ్యా మోస్తావు?”

కెప్టెన్ బావమరిదికి దుంగలెక్కడున్నాయో తెలియదు, ఆ సంగతి అందరికీ తెలుసు. అర్తిదోరో లేకుండా ఆ చిన్నపడవ ఎక్కడికీ పోదు. సవ్యంగా తిరిగి రాకపోతే మాత్రం అంటూ కెప్టెన్ వేలు చూపించి, మాట పూర్తి చెయ్యకుండానే పైకెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ప్రయాణికులు ఇకీతోస్ నుంచి బస్సులో దిగారు. కెనడా నుంచి వచ్చిన పళ్ళ డాక్టర్లట, ఉద్యోగాలు మానేసినవాళ్ళు, వాళ్ళ భార్యలూ భర్తలూ. మంచివాళ్ళే. పెట్టినదల్లా తిన్నారు, పండిన అరటితో చేసిన చాపో రెండోసారి అడిగి తాగారు. గైడు వాగ్నర్ వాళ్ళకి తేలుడు చొక్కాలు కట్టుకోవడం నేర్పాడు. నాలుగు గంటలకి, నౌతా కనుమరుగయ్యాక, రెండు చిన్నపడవలూ విప్పారు. జోవిత పడవలో పన్నెండుమంది పళ్ళ డాక్టర్ల తాలూకు వాళ్ళు, వాగ్నర్, ముందు అర్తిదోరో. ఎక్కగానే ఒక పెద్దావిడ ముక్కు ఎగబీల్చి ఏదో అడిగింది. దోమల మందు, అడవిది, అని వాగ్నర్ చెప్పాడట. ఆవిడ మెచ్చుకుని మెడకి కాస్త రాసుకుంది కూడా.

నేనా పడవలో లేను. అర్తిదోరో చెప్పిందీ, వాగ్నర్ చెప్పిందీ, జోవిత చెప్పిందీ కలిపి చెప్తున్నాను. బుఫేయోలు ఎన్ని వచ్చాయన్న దగ్గర ముగ్గురి మాటా కలవదు. మిగతాదంతా ఒక్కటే.

మొదటి గంట హాయిగా గడిచింది. ముసలాయన చెయ్యి ఎత్తడం, జోవిత పిడి తిప్పడం, మధ్యలో మాట లేదు. చెట్టు కొమ్మకి వేలాడుతున్న బద్ధకపు జంతువు దగ్గర మోటారు ఎంత నెమ్మదిగా ఆపిందంటే, అది తల కూడా తిప్పలేదట. ప్రయాణికులు గుసగుసలాడుకుంటూ ఫోటోలు తీసుకున్నారు. జోవిత నాతో తర్వాత అంది, అప్పటికి తను కెప్టెన్ షరతూ, కడుపు నొప్పీ రెండూ మరిచిపోయానని.

సరస్సు మొగ చేరగానే నీళ్ళు బుసకొట్టాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత లెక్క తప్పింది. మామూలుగా అక్కడ మోటారు ఆపి, అరగంట కళ్ళు కాయలు కాచేలా చూస్తే దూరంగా ఒక వీపు కనపడి మాయమవుతుంది. ఆ రోజు పడవకి చేతికందే దూరంలో లేచాయి. గులాబీ రంగు నుదుళ్ళు, పొడుగు ముక్కులు, పక్కకి తిరిగి మనుషుల్ని చూసే చిన్న కళ్ళు. కుడివైపు ఐదారు ఒకేసారి లేచేసరికి, పళ్ళ డాక్టర్లందరూ ఒక్కసారిగా కుడివైపుకి లేచారు. వాగ్నర్ కూడా లేచాడు, తన ఫోను పట్టుకుని. పదేళ్ళ నుంచి గైడు పని చేస్తున్నా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదని తర్వాత చెప్పుకున్నాడు.

పడవ కుడివైపుకి ఒరిగింది. అంచు నీళ్ళకి జానెడు దూరంలోకి వచ్చింది, ఆ తర్వాత నాలుగు వేళ్ళ దూరంలోకి.

జోవిత మోటారు ఆపి, తను ఎడమ అంచు మీదికి ఎక్కి వెనక్కి వాలింది. కూర్చోమని గట్టిగా చెప్పింది. ఆమె స్పానిష్ ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన వాగ్నర్ వినిపించుకోలేదు. ముందు కొసన అర్తిదోరో రాయిలా బిగుసుకుపోయాడు. ఆయన అక్కడ లేడు, యాభై ఆరేళ్ళ కిందటి వాళ్ళ ఇంటి రేవులో ఉన్నాడు.

“మావయ్యా,” అంది జోవిత, గొంతు పెంచకుండా. “బుఫేయోలు మనల్ని ఏమీ చెయ్యట్లేదు. ఈ పళ్ళ డాక్టర్లు ముంచేలా ఉన్నారు. లే.”

ఆ మాటతో ముసలాయనకి నవ్వొచ్చిందట. నవ్వు రాగానే కాళ్ళు వచ్చాయి. లేచి, అందిన భుజాన్నల్లా పట్టి, ఒకళ్ళని ఎడమకి, ఒకళ్ళని కుడికి, బస్తాలు సర్దినట్టు కూర్చోబెట్టాడు. నోటికొచ్చినట్టు మా కుకామా భాషలో తిడుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ బడిపిల్లల్లా కూర్చున్నారు. వాగ్నర్‌ని కూడా చెవి పట్టుకుని కూర్చోబెట్టాడు. పడవ నిటారుగా నిలిచింది.

అప్పుడు అర్తిదోరో బుఫేయోల వైపు తిరిగాడు. పొగాకు చుట్ట వెలిగించి, పొగ నీళ్ళ మీదికి ఊదాడు. వాటితో ఏమన్నాడో జోవిత ఒక్కతికే అర్థమైంది.

“ఇది మా అక్క కూతురు. పనిలో ఉంది. చూడాలనుంటే చూడండి, దారికి మాత్రం అడ్డం రావద్దు.”

బుఫేయోలు పావుగంట పడవ చుట్టూ తిరిగాయి. ఒకటి జోవిత కూర్చున్న వైపే లేచి, బుస్సుమని ఊపిరి వదిలి, ఆమె చొక్కా తడిపింది. ఆమె చెయ్యి కదపలేదు. ఆ తర్వాత అన్నీ నది వైపు వెళ్ళిపోయాయి.

అవి ఎందుకు వచ్చాయని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. నీళ్ళు తగ్గే ఆ నెలలో చేపలు గుంపులుగా సరస్సు నుంచి నదిలోకి దిగుతాయి, ఆ మొగలో వాటికి దండిగా తిండి. అర్తిదోరో అయితే ఆమె కోసమే వచ్చాయంటాడు. వచ్చి ఏం చేశాయని అడిగితే, చూసి వెళ్ళాయంటాడు. నాకు రెండిట్లో ఏదైనా ఫర్వాలేదు. నాకు కావలసిందల్లా ఆ పేరు చెప్పి ఆడమనిషి నోటి కూడు లాక్కోకపోవడం.

చీకటి పడే వేళకి పన్నెండుమందీ పొడిబట్టలతో పెద్దపడవ ఎక్కారు. నవ్వుతూ, అందరూ ఒకేసారి మాట్లాడుతూ. ఆ మెడకి వెల్లుల్లి రాసుకున్న పెద్దావిడ కెప్టెన్ చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. మిగతా మూడు రోజులూ తమని ఈ అమ్మాయి పడవలోనే ఎక్కించాలని వాగ్నర్ చేత చెప్పించింది. రెండో చిన్నపడవలో వేరే వైపు వెళ్ళినవాళ్ళకి ఒక్క బుఫేయో కూడా కనపడలేదు. వాళ్ళు మొహాలు ముడుచుకుని సూపు తాగారు.

పనివాళ్ళం వెనక వసారాలో తింటున్నాం. వెల్లుల్లి లేని చేప చప్పగా ఉంది. కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. జరిగిందంతా వాగ్నర్ అప్పటికే చెప్పేశాడు. పడవ ఒరిగిన సంగతి చెప్పాడో లేదో గానీ, బుఫేయోల సంగతి మాత్రం రెట్టింపు చేసి చెప్పాడు.

“అయితే జోవితా,” అన్నాడు కెప్టెన్, నవ్వు మొహంతో, “ఇక నుంచి ప్రతి ప్రయాణానికీ ఆ రోజులు చూసుకుని రావాలి నువ్వు. మన గిరాకీ పెరుగుతుంది.”

కుర్రాళ్ళు ఒకరిద్దరు నవ్వారు. నా చేతిలో గరిటె ఉంది, పళ్ళు బిగబట్టుకున్నాను. పొద్దున ఏదైతే ఆమెని దింపడానికి పనికొచ్చిందో, సాయంత్రానికి అదే అమ్ముకోవడానికి పనికొచ్చింది.

జోవిత నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగింది.

“నెలకి నాలుగు రోజులు కెప్టెన్ గారూ, మీకు బుఫేయోల మీద నమ్మకం. మిగతా ఇరవై ఆరు రోజులు నా చేతి మీద నమ్మకం పెట్టుకోండి. ఈ రోజు పడవ ములగకుండా తెచ్చింది ఆ చెయ్యే. మావయ్యని అడగండి.”

అందరూ అర్తిదోరో వైపు చూశారు. ఆయన ముల్లు తీసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. “నాలుగు వేళ్ళు. అంచుకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళు. నేను బిగుసుకుపోయాను. ఆ పిల్ల బిగుసుకోలేదు.”

కెప్టెన్ మొహంలో నవ్వు పోయింది. వాగ్నర్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. ఆ తర్వాత కెప్టెన్ అడిగిన ప్రశ్నలన్నీ జోవితనే అడిగాడు, పడవ గురించే అడిగాడు: ఎంతమంది లేచారు, మోటారు ఎప్పుడు ఆపింది, రేపు ఎంతమందిని ఎక్కిస్తే మేలు. పదిమంది చాలంది. ఎక్కే ముందే ఎవరి వైపు వాళ్ళకి చెప్పి కూర్చోబెట్టాలంది. వాగ్నర్ ఫోను అతని సంచిలోనే ఉండాలంది. ఆయన అన్నిటికీ తలూపాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

“పొద్దున ఐదున్నరకి పక్షుల షికారు. పెట్రోలు నువ్వే దగ్గరుండి పోయించుకో.”

“ఐదింటికే సిద్ధంగా ఉంటాం,” అంది జోవిత.

ఆయన మెట్లెక్కిపోయాక ఆమె పళ్ళెం నా వైపు జరిపి, ఇంకో చేప వెయ్యమంది.